నిద్రపోయిందనుకున్న కొండ: బారెన్ ద్వీపపు అగ్నిపర్వతం

అగ్నిపర్వతమనగానే పాఠశాల విద్యార్థికి జ్ఞప్తికి వచ్చే పేర్లు వెసూవియస్, ఎట్నా, ఫ్యూజియామా. ఇవన్నీ పరదేశాలవి. సికిందరాబాదు చుట్టుపట్ల ఉన్న మౌలాలి గుట్ట వంటి బండరాళ్ల కొండలను చూసి, ఇవి కూడా ఒకప్పుడు నిప్పులు కక్కినవేనా అని ఉపాధ్యాయులను అడిగే పిల్లలు లేకపోలేదు. అవి అగ్నిపర్వతాలు కావు. అక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రిందట భూగర్భంలో కిలోమీటర్ల లోతున మెల్లమెల్లగా చల్లారి గట్టిపడిన శిల. పైనున్న పొరలు యుగాల తరబడి అరిగిపోగా అది బయటపడింది. నేలమీద లావా పారిన ఆనవాళ్లు చూడదలచినవారు పడమటగా వికారాబాదు వైపు పోవాలి. దక్కను పీఠభూమిని కప్పిన నల్లరాతి పొరల అంచు అక్కడ కనిపిస్తుంది. అయితే అది కూడా 6 కోట్ల 60 లక్షల ఏండ్ల నాటి మాట.

నేటికీ నిప్పులు చిమ్ముతున్న అగ్నిపర్వతం భారతదేశంలో ఒక్కటే ఉన్నది. అది అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. సికిందరాబాదునుంచి సూటిగా కొలిస్తే సుమారు 1,750 కిలోమీటర్ల దూరం. అండమాన్ ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిరుకు (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 13 మంది. వారిలో చాలమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుంచి వలస వెళ్లినవారు, వారి సంతతివారు. కనుక తెలుగువారికి ఈ కొండ బొత్తిగా పరాయిది కాదు.

బారెన్ అనే ఇంగ్లీషు మాటకు బీడు అని అర్థం. అక్కడ మనుష్యులు లేరు. 19వ శతాబ్దం చివర ఓడవారు విడిచిన మేకల సంతతి మాత్రం ఆ రాళ్లమధ్యనే బ్రతికింది. దీవి అడ్డకొలత మూడు కిలోమీటర్లు. సముద్రమట్టంపై అన్నిటికంటె ఎత్తైన చోటు 354 మీటర్లు. విమానంలోనుంచి చూస్తే, అంచు ఒక ప్రక్క విరిగిన పెద్ద తాంబాళంలో గరాటు బోర్లించినట్లుంటుంది. పూర్వం ఎన్నడో పర్వతం నడినెత్తి కూలిపోగా మిగిలిన వలయాకారపు గోడయే ఆ తాంబాళపు అంచు. దానిని మహాబిలమంటారు. దాని వ్యాసం సుమారు రెండు కిలోమీటర్లు. గరాటువంటిది ఆ తరువాత లోపల పెరిగిన బూడిద శంకువు. గోడ విరిగిన పడమటి ప్రక్కనుంచి లావా సముద్రంలోకి దిగుతుంది. మనుష్యులు పడవ దిగటానికీ ఆ ప్రక్కనే కాస్త వీలున్నది.

ఇక్కడ నిప్పు ఎందుకు పుట్టింది? భారత ఉపఖండాన్ని మోస్తున్న భూఫలకం అండమాన్ దీవులకు పడమట తూర్పు ఫలకం క్రిందికి ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున జారుతున్నది. జారే ఫలకం సముద్రపు నీటిని ఖనిజాలలో ఇముడ్చుకొని క్రిందికి తీసుకొనిపోతుంది. సుమారు నూరు కిలోమీటర్ల లోతున వేడికి, ఒత్తిడికి ఆ నీరు వెలికి వచ్చి పైనున్న శిలలోకి చొరబడుతుంది. నీరు చేరిన శిల, పొడిశిలకంటె తక్కువ ఉష్ణోగ్రతవద్దనే కరుగుతుంది. కుల్ఫీ అమ్మేవాడు మంచుగడ్డలో ఉప్పు ఎందుకు కలుపుతాడో తెలిసిన విద్యార్థికి ఇది వింతగా తోచదు. ఉప్పు తగిలిన మంచు సున్న డిగ్రీలకు క్రిందనే కరుగుతుంది. రెండుచోట్లా బయటినుంచి కలిసిన పదార్థమే కరిగే మెట్టును దించుతున్నది. ఇట్లు కరిగిన శిలాద్రవం చుట్టూ ఉన్న రాతికంటె తేలిక గనుక పైకి వస్తుంది. సుమత్రా, జావా అగ్నిపర్వతాలన్నీ ఈ వరుసలోనివే.

కారణం తెలిసినంత తేలికగా చరిత్ర తెలియలేదు. వెసూవియస్ చుట్టూ వేలయేండ్లుగా జనం ఉన్నారు. అది దగ్గినా, తుమ్మినా వ్రాసిపెట్టినవారున్నారు. మనిషి కాపురం లేని దీవికి చరిత్ర వ్రాసేదెవరు? బారెన్ ద్వీపపు ఉద్గారాల పట్టిక చదివేటప్పుడు ఈ ప్రశ్న మరువకూడదు. పట్టికలో కనిపించే ఖాళీ కొండ ఊరకున్న కాలమా, లేక చూసేవాడు లేని కాలమా అని ఒక్కొక్కచోట విడివిడిగా విచారించవలసి ఉంటుంది.

పట్టికలో మొదటి సంవత్సరం 1787. అంతకు ముందటి ఏడే, 1786లో, ఇంగ్లీషువారు పెనాంగులో స్థావరం ఏర్పరచుకున్నారు. బంగాళాఖాతంనుంచి అటుపోయే ఓడలు అండమాన్ సముద్రం గుండా సాగనారంభించాయి. 1787 మే నెలలో అటు పోతున్న లెఫ్టినెంట్ కోల్‌బ్రూక్ ఈ కొండనుంచి పొగ లేవటం చూసి వ్రాశాడు. 1789లో అండమాన్ తీరాలను కొలుస్తున్న ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దగ్గరకు వెళ్లాడు. పోర్ట్ బ్లెయిరుకు పేరు ఈయనదే. మూడు నాలుగు టన్నుల బరువుగల బండలు సైతం బిలంలోనుంచి ఎగిరిపడుతున్నవని ఆయన వ్రాశాడు. శంకువు వాలును కొలిచి 32 డిగ్రీల 17 నిమిషాలన్నాడు. ఈ అంకె ఎంత సబబైనదో తరగతిలోనే చూడవచ్చు. పొడి ఇసుకనో, సన్నని కంకరనో ఒకే చోట పోస్తూపోతే కుప్ప వాలు కొంతవరకు నిటారుగా పెరిగి, 30–35 డిగ్రీల దగ్గర ఆగి, ఆపైన పోసినదంతా జారిపోతుంది. బ్లెయిర్ కొలిచినది వదులు బూడిదకుప్ప అని ఆ కోణమే సాక్ష్యం చెబుతున్నది.

తరువాత 1795లో ఒకసారి, 1803–04లో మరొకసారి ఉద్గారాలు నమోదైనాయి. 1803 నవంబరులో కొండ పదేసి నిమిషాలకొకమారు తప్పకుండా ప్రేలుతూ, ప్రతిసారీ నల్లని పొగస్తంభాన్ని ఎగజిమ్మిందని, రాత్రివేళ బిలంవద్ద మంట కనిపించిందని నౌకామార్గాల గ్రంథకర్త జేమ్స్ హార్స్‌బర్గ్ తెలిపాడు. ఈ పదినిమిషాల సంగతి మళ్లీ అవసరమవుతుంది.

ఇంతవరకు చూస్తే, 17 ఏండ్లలో నాలుగు పర్యాయాలు మండిన కొండ ఆ పిమ్మట హఠాత్తుగా చల్లబడినట్లు కనిపిస్తుంది. కాని ఇంగ్లీషువారు అండమానులో వలస స్థాపించినది 1789లో. రోగాలకు తాళలేక దానిని ఎత్తివేసినది 1796లో. మళ్లీ అక్కడ కాలుమోపినది 1857 తిరుగుబాటు అనంతరం, ఖైదీల వలసకోసం, 1858లో. ఆ మధ్య అరవై రెండేండ్లు కొండకు దగ్గరలో వ్రాతపుస్తకం పట్టుకున్న మనిషే లేడు. దారినపోయే ఓడలే గతి. అందుకే చివరి ఉద్గారం ఎప్పుడన్న మాటలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. కొందరు 1832 అంటారు, కొందరు 1852 అంటారు. పుస్తకాలలో 1991 ఉద్గారానికి ముందు కొండ 159 ఏండ్లు నిద్రించిందని ఒకచోట, 139 ఏండ్లని మరొకచోట కనిపించటానికి కారణం ఇదే. రెండు అంకెలలోను సందేహముంది. 1858 తరువాతి మౌనం మాత్రం నమ్మదగినది. అప్పటినుంచి పోర్ట్ బ్లెయిరులో ప్రభుత్వముంది, ఓడలున్నవి, అప్పుడప్పుడు శాస్త్రజ్ఞులు కూడా వెళ్లివచ్చారు.

వారిలో భూగర్భ సర్వే శాఖకు చెందిన మాలెట్ ముఖ్యుడు. 1884లో ఆయన దీవినంతా పరిశీలించి, దొరికిన పాత వ్రాతలన్నిటినీ పోల్చి 1885లో గ్రంథం ప్రకటించాడు. పడవ దిగేచోట ఉన్న వేడినీటి ఊటపై ఆయన చూపిన శ్రద్ధ మెచ్చదగినది. 1850లలో వెళ్లినవారు ఆ నీటిలో చెయ్యి పెట్టలేకపోయారు. 1884 నాటికి నీటి వేడి సుమారు 110 ఫారన్‌హీటు డిగ్రీలకు, అనగా 43 సెంటిగ్రేడు డిగ్రీలకు, దిగింది. స్నానానికి కాస్త ఎక్కువ వేడి, అంతే. ఏటేటా దిగిపోతున్న ఈ అంకెలను చూస్తే కొండ చల్లారి మరణిస్తున్నదన్న తలంపు కలగటం సహజమే.

ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించాలి. ఆ ఊట పాత లావా ప్రవాహపు కొసన ఉన్నది. వర్షపునీరు ఆ రాతి నెర్రెలలోకి దిగి, ప్రవాహం లోపల మిగిలియున్న వేడిని గ్రహించి ఒడ్డున బయటపడుతుంది. పదుల మీటర్ల మందంగల లావా లోపలిదాకా చల్లబడటానికి దశాబ్దాలు పడుతుంది. రాయి వేడిని అంత నెమ్మదిగా వదలుతుంది. పొయ్యి ఆర్పిన మరునాడు కూడా బూడిదలో చెయ్యి పెడితే వేడి తగలటం ఇంటింటా తెలిసినదే. కాబట్టి ఊటనీరు చెప్పినది పైనున్న పాత లావా చల్లారే కథ. నూరు కిలోమీటర్ల లోతున జరుగుతున్నదాని కబురు అందులో లేదు. కొలత సరియైనదే, అది దేని కొలత అన్నదే చిక్కు.

1991 మార్చి చివర నౌకలవారు దీవిపై పొగ చూశారు. ఏప్రిల్‌లో భూగర్భ సర్వే శాఖవారు వెళ్లేసరికి కొండ జోరుగా మండుతున్నది. లావా పాత ప్రవాహంమీదుగా, విరిగిన గోడ సందుగుండా సముద్రంలోకి దిగి ఆవిరిమేఘాలు లేపింది. అక్టోబరుదాకా సాగి ఆగింది. 1994 డిసెంబరులో మళ్లీ మొదలై 1995 జూన్ వరకు నడిచింది. భూగోళ పాఠాలలో అగ్నిపర్వతాలను క్రియాశీలమని, నిద్రాణమని, విలుప్తమని మూడు తెగలుగా చెప్పటం వాడుక. తరాల తరబడి నిద్రాణమని చెప్పిన కొండ ఆ నెలలలో తెగ మార్చుకున్నది. నిజానికి మారినది తెగకాదు. లక్షలయేండ్ల ఆయుర్దాయంగల పర్వతానికి నూటయాభై ఏండ్ల విరామం లెక్కలోనిది కాదు. ఈ దీవిలో నీటిపైకి కనిపించే అతిప్రాచీన లావాల వయస్సు సుమారు 16 లక్షల సంవత్సరాలని పరిశోధకులు కట్టారు. దానిని నూరేండ్ల మనిషి జీవితంతో పోల్చి లెక్కవేస్తే, ఆ నిద్ర నాలుగు రోజులకు మించదు.

ఈ మాటు చూసే కన్ను ఓడలమీద మాత్రమే లేదు. 1974లో సికిందరాబాదు కేంద్రంగా నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఏర్పడింది. ఆకాశంనుంచి తీసిన చిత్రాలద్వారా భూమిని పరిశీలించటం దాని పని. ఉపగ్రహాలు పంపే సంకేతాలను అందుకొనే కేంద్రం 1979నుంచి షాద్‌నగరువద్ద పనిచేస్తున్నది. ఆ సంస్థ నేడు నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అన్న పేరుతో హైదరాబాదు బాలానగరులో ఉన్నది. 1991 ఉద్గారాన్ని ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలలో పరిశీలించి మన శాస్త్రజ్ఞులు 1993లో ఫలితాలు ప్రకటించారు.

అంతరిక్షంనుంచి కొండ వేడిని కనిపెట్టటం ఎట్లా? కమ్మరి కొలిమిలో ఇనుము ముందు మసక ఎరుపై, తరువాత నారింజవన్నెకు, ఆపైన తెలుపుకు తిరుగుతుంది. వేడెక్కినకొద్దీ వస్తువు వెలువరించే కిరణాల తరంగదైర్ఘ్యం తగ్గుతుందనటానికి అది నిదర్శనం. వీన్ నియమం ప్రకారం 2,898ని వస్తువు యొక్క కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే, అది అత్యధికంగా వెలువరించే కిరణాల తరంగదైర్ఘ్యం మైక్రానులలో వస్తుంది. 27 సెంటిగ్రేడు డిగ్రీల నేల 300 కెల్విన్లు, అనగా సుమారు 9.7 మైక్రానులు. వెయ్యి డిగ్రీల లావా 1,273 కెల్విన్లు, అనగా సుమారు 2.3 మైక్రానులు. రెండూ కంటికి కనిపించని పరారుణ కిరణాలే అయినా వాటి చోటులు వేరు. 3.7 మైక్రానులవద్ద చూసే ఉపగ్రహానికి, వెయ్యి డిగ్రీల లావా అదే వైశాల్యంగల మామూలు నేలకంటె సుమారు ఇరవైవేల రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది. చిత్రంలోని ఒక్కొక్క చుక్క నేలమీద ఒక చదరపు కిలోమీటరుకు సమానమనుకుందాం. అందులో కేవలం నూరు చదరపు మీటర్లు, అనగా సికిందరాబాదులో 120 గజాల ఇంటిస్థలమంత మేర, ఎర్రని లావా ఉంటే చాలు. మిగిలిన చదరపు కిలోమీటరంతా కలిసి పంపే కిరణాలకు అది ఒక్కటే రెట్టింపు పంపుతుంది. సూర్యకాంతి కలియకుండా రాత్రివేళ చూడటం మరింత మేలు.

ఇంతటి కంటికీ లోపమున్నది. పరారుణ కిరణాలు దట్టమైన మేఘాలను దాటలేవు. అండమానులో నైరుతి ఋతుపవనాల కాలమంతా ఆకాశం మూసుకొని ఉంటుంది. 18వ శతాబ్దపు పట్టికలో ఖాళీలకు ఓడలు రాకపోవటం ఒక కారణమైతే, నేటి పట్టికలోని కొన్ని ఖాళీలకు వానాకాలపు మబ్బు కారణం.

మనుష్యుడు పుట్టించిన ఏ సాధనమూ లేని కాలాన్ని గురించి సముద్రమే లెక్క వ్రాసిపెట్టింది. కొండ భారీగా ప్రేలినప్పుడు బూడిద గాలిలో కొట్టుకుపోయి నీటిలో పడి అడుగుకు చేరుతుంది. దానిపై మామూలు ఒండ్రు పేరుకుంటుంది. మళ్లీ ప్రేలినప్పుడు మరొక పొర. దీవికి ఆగ్నేయంగా సముద్రపు అడుగునుంచి గొట్టంతో తీసిన సుమారు నాలుగు మీటర్ల మట్టికడ్డీని భారతీయ పరిశోధకులు పరిశీలించి 2010లో వివరాలు ప్రకటించారు. అందులో గత 72,000 సంవత్సరాల ఒండ్రు ఉన్నది. దాని మధ్య ఏడు బూడిద పొరలు. సగటున వేయేండ్లకు అయిదారు సెంటీమీటర్ల ఒండ్రు మాత్రమే పేరుకొనే చోట చిన్నచిన్న ఉద్గారాల గుర్తులు నిలువవు. 1787నాటివంటివి ఇందులో కనిపించవు. ఇది పెద్ద సంఘటనలనే వ్రాసుకొనే దినచర్య. (ఇటువంటి బూడిదను చూడటానికి తెలుగువారు సముద్రందాకా పోనక్కరలేదు. సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏండ్ల క్రిందట విస్ఫోటం చెందినప్పుడు ఎగసిన బూడిద నేటి నంద్యాల జిల్లా జ్వాలాపురంవద్ద కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందంతో ఉన్నది.)

2004 డిసెంబరు 26న సుమత్రా తీరంనుంచి అండమాన్‌వరకు నేల చీలి మహాభూకంపం, సునామీ సంభవించిన సంగతి తెలిసినదే. 2005 మే నెలాఖరున బారెన్ ద్వీపం మళ్లీ మండింది. భూకంపమే కొండను లేపిందన్న మాట వెంటనే పుట్టింది. ఫలకాల ఒత్తిడి సడలితే శిలాద్రవానికి దారి తేలిక కావచ్చు గనుక ఆ ఊహ నిరాధారం కాదు. అయితే 1991లోను, 1994లోను ఏ మహాభూకంపమూ లేకుండానే కొండ లేచింది. ఒకదాని వెనుక మరొకటి వచ్చినంతమాత్రాన మొదటిది కారణమనరాదు. 2005 తరువాత కొండ ఆగుతూ, సాగుతూ పలుమార్లు ప్రజ్వలించింది.

2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ పరిశోధన నౌక సింధు సంకల్ప్ సముద్రపు మట్టి నమూనాలకోసం దీవి సమీపానికి వెళ్లింది. వెళ్లినది మట్టికి, కనబడినది మంట. పగలు బూడిద మేఘాలే కనిపించినవి. సూర్యాస్తమయమైన తరువాత బిలంనుంచి ఎర్రని లావా ఎగజిమ్మటం, వాలుమీద పారటం స్పష్టమైనాయి. ఒక్కొక్క విజృంభణ అయిదు మొదలు పది నిమిషాలు సాగింది. హార్స్‌బర్గ్ వ్రాసిన 1803నాటి వర్ణన, పగటి పొగ, రాత్రి మంట, పదినిమిషాల లెక్క, రెండువందల పదమూడేండ్ల తరువాత ఇంచుమించు అట్లాగే కంటబడింది. పలుచని బసాల్టు ద్రవంలో వాయువులు పెద్ద బుడగలుగా చేరి, పైకి వచ్చి పగిలే తరహా ఉద్గారమిది. అంబలి ఉడికేటప్పుడు బుడగ లేచి టప్పుమని పగిలి చుట్టూ చిందులు పడటంవంటిది. చివరిగా 2025 సెప్టెంబరు 13, 20 తేదీలలో కూడా స్వల్పమైన ఉద్గారాలు జరిగాయి.

ఇంతకూ ఓడలకు, ఉపగ్రహాలకు కనిపించేది కొండలో కొసమాత్రమే. ఈ పర్వతం సముద్రగర్భంనుంచి రెండువేల మీటర్లకు పైగా లేచినది. నీటిపైన 354 మీటర్లు తప్ప తక్కినదంతా మునిగియున్నది. లోతునీటిలో లావా చిమ్మితే దాని వేడిని నీరే మింగివేస్తుంది, బరువైన నీటి ఒత్తిడికి ఆవిరి సయితం ఎగయలేదు. ఇక మునిగిన వాలులు ఒక్కసారిగా జారిపడితే ఏమగునో 2018 డిసెంబరు 22న ఇండొనేషియాలోని అనక్ క్రకటోవావద్ద చూడనైనది. ముందుగా హెచ్చరించే పెద్ద భూకంపమేదీ లేకుండానే కొండ ప్రక్క కూలి సునామీ లేచింది, వందలాది ప్రాణాలు పోయాయి. మన దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం 2007నుంచి హైదరాబాదులోనే, ఇన్‌కాయిస్ సంస్థలో, పనిచేస్తున్నది. ముఖ్యంగా భూకంపమాపకాలు, సముద్రమట్టాన్ని కొలిచే యంత్రాలు పంపే సమాచారంపై అది ఆధారపడుతుంది. కొండ ప్రక్క నెమ్మదిగా వదులవుతుంటే భూకంపమాపకం గట్టిగా పలకదు. అటువంటప్పుడు సముద్రమట్టపు యంత్రమే మొదటి సాక్షి అవుతుంది. మునిగిన ఆ వాలులలో 1787కు ముందు గాని, తరువాత గాని ఎన్ని ఉద్గారాలు జరిగినవో ఏ ఓడ పుస్తకంలోను, ఏ ఉపగ్రహ చిత్రంలోను లేదు.